వెనక సీట్లో చక్రం

పంజాగుట్ట సందులో కార్ల చక్రాల దుకాణం, శనివారం మధ్యాహ్నం. యజమాని గులాం మొహియుద్దీన్, ఆయన బిడ్డ మసూదా, చేతిలో కోటు పట్టుకొని వచ్చిన అమీర్‌పేట దర్జీ రాజనర్సు.

"గట్ల పట్టుకుంటరా స్పానర్‌ను? రొట్టెల కర్ర పట్టుకున్నట్టు పట్టుకున్నవ్ బేటీ."

"రొట్టెలు చేసే చేతికే బలం ఎక్కువ అబ్బా. చూడు, నట్టు వదులైంది."

"నీ బలానికి కాదు. నర్సు భాయ్ బండి నట్లు ముందు నుంచే లూజు."

"ఏమన్నవ్ మొహియుద్దీన్ భాయ్? నా బండిల లూజా? దర్జీ మనిషిని. ఎక్కడన్న లూజుంటే నాకు రాత్రి నిద్ర పట్టదు."

"చాచా, ముందుగాల ఆ కోటు లోపల తగిలెయ్యి. గ్రీజు అంటుతది."

"అంటనియ్యను బిడ్డా. మూడు రోజులు కూసోని కుట్టిన. అమీర్‌పేటల ఎంతమంది పోరగాండ్లకు ఇంటర్వ్యూ కోట్లు కుట్టిన్నో యాది లేదు గని, కాలరుకు రెండుసార్లు కుట్టు విప్పి మళ్ల కుట్టింది నీ ఒక్క కోటుకే."

"విన్నవా మసూదా? చాచా రెండుసార్లు కుట్టు విప్పిండట. నువ్వేమో సోమవారం ఇంటర్వ్యూ పెట్టుకొని బండి పక్కన నేల మీద కూసున్నవ్. మైత్రీవనంల ఆరు నెలలు కంప్యూటర్ టెస్టింగ్ కోర్సు చేసింది దేనికి?"

"ఇంటర్వ్యూకు పోను అని నేను అనలే అబ్బా. దుకాణంల ఉంటా అన్న."

"రెండింటికి ఫరక్ ఏంది?"

"పోను అంటే నువ్వు గుస్సా చేస్తవ్. ఉంటా అంటే జర ఆలోచన చేస్తవ్."

"చూసినవా నర్సు భాయ్, ఎట్ల మాట్లాడుతదో! మంచిగ దక్కనీల తిడుదామంటే నువ్వు ముందర ఉన్నవ్."

"తిట్టు భాయ్. సిరిసిల్ల నుంచి బస్సు దిగిన్నాటి నుంచి నీ దోస్తునే. నీ భాషల నాకు ముందుగాల వచ్చినయి తిట్లే."

"బేటీ, నా చేతులు చూడు. సబ్బు అరిగింది గని నలుపు పోలే. దావత్‌కు పోతే చేతులు జేబుల పెట్టుకొని నిలబడత. నీకు గిట్ల కావద్దు."

"దావత్‌ల బిర్యానీ సుత జేబుల నుంచే తింటవా అబ్బా?"

"నవ్వకు నర్సు భాయ్. నువ్వు నవ్వితే దీనికి ఇంకా ఎక్కువైతది."

"నవ్వుతలే. చక్రాల సంగతి చూడుండ్రి. ఈ ఇనుప చక్రాలు చూసి మా విజయరాణి ఏమన్నదో తెలుసా? సూటు కింద హవాయి చెప్పులు వేసుకున్నట్టు ఉన్నది నీ బండి, అన్నది."

"వదినకు కండ్లున్నయి. కొత్త అలాయ్ చక్రాలు తొడిగితే బండికి పాలిష్ చేసిన బూట్లే."

"చాచా, చక్రాలు విప్పేముందు జర తాళం తిప్పు. బోర్డు మీద గాలి నెంబర్లు వస్తయి కదా, చదువు."

"ఆగు, అద్దాలు పెట్టుకోని. ముందు ఎడమ ముప్పై ఒకటి. ముందు కుడి ముప్పై మూడు. వెనక కుడి ముప్పై మూడు. వెనక ఎడమ... ఇరవై తొమ్మిది."

"వెనక ఎడమ దిక్కే తక్కువ ఉన్నదా? విజయరాణి వదిన కూసునేది ఆ దిక్కే కదా నర్సు భాయ్?"

"గా మాట మా ఇంటికాడ అనకు భాయ్. నాకు అన్నం పెట్టది."

"ముప్పై ఒకటి, ముప్పై మూడు, ముప్పై మూడు, ఇరవై తొమ్మిది. సరే చాచా, బంద్ చెయ్యి."

"బిడ్డా, నాకొకటి సమజ్ కాదు. బండిల కూసున్న నాకు చక్రంల గాలి ఎంతున్నదో ఎట్ల తెలుస్తది? తీగ లేదు, ఏం లేదు."

"గాలి పోసే వాల్వు లేదా చాచా, దాని లోపలి దిక్కు బొటనవేలంత సెన్సర్ ఉంటది. టైరు లోపల కూసోని, గాలి ఎంతున్నదో రేడియో లెక్క బండికి చెప్తది. గాలి బాగా తగ్గితే పసుపు లైటు వెలుగుతది. నాలుగు చక్రాలల్ల నాలుగు."

"మరి ఇవి విప్పేస్తే?"

"విప్పేస్తే అవి సుత వీటితోనే పోతయి. అందుకే కొత్త చక్రాలకు కొత్త సెన్సర్లు."

"పాతవే పీకి కొత్త చక్రాలకు పెట్టొచ్చు గద?"

"పెట్టొచ్చు నర్సు భాయ్. గని పాత చక్రం గుల్ల అయితది. రేపు నువ్వు బండి అమ్ముతవ్, పాత చక్రాలు తొడగాలంటవ్, అప్పుడు? గిరాకీ సామాను గిరాకీకి నిండుగ వాపస్ ఇయ్యాలె. మసూదా, మన దుకాణం కాయిదా ఏంది?"

"నట్టు సుత పొట్లం కట్టి ఇయ్యాలె."

"గదీ. కొన్ని జాగల పాత చక్రం ఊడదీస్తే మళ్ల కండ్లకు కనబడదు. మన దగ్గర దుప్పట్ల చుట్టి, గిరాకీ బండిల గిరాకీ చక్రాలు పెట్టి పంపుడే."

"చాచా, మా ఇంట్ల దుప్పట్లు ఎందుకు తక్కువైతున్నయో అమ్మీకి ఇంకా తెలవదు. నువ్వు చెప్పకు."

"మాటలు ఆపి పని చెయ్యి. సెన్సర్ వాల్వు రంధ్రంల పెట్టు. ఆఁ... రబ్బరు వాషర్ సమంగ కూసోవాలె. గంత గట్టిగ వద్దు, మెడ విరుగుతది."

"వాషర్ కూసున్నది అబ్బా."

"ఇంక టైరు ఎక్కించు. మిషన్ చెయ్యి సెన్సర్ దిక్కు రావద్దు. వస్తే తునుకలైతది. జర... జర... ఆగు... ఆఁ."

"ఎక్కింది."

"ఎక్కింది లే."

"మంచిగ ఎక్కిందా?"

"ఎక్కింది అన్న కదా."

"మొహియుద్దీన్ భాయ్, మంచిగ చేసింది అంటే నీ నోరు అరుగుతదా?"

"మంచిగ చేసింది అంటే సోమవారం ఇంట్ల నుంచి కదలదు. నువ్వు నీ కోటు చూసుకో. మసూదా, ఇప్పుడేం చేస్తున్నవ్? పాత చక్రాల మీద చాక్‌పీస్‌తోని ఏం రాస్తున్నవ్?"

"ఏది ఎక్కడిదో రాస్తున్న. ముందు ఎడమ, ముందు కుడి, వెనక కుడి, వెనక ఎడమ."

"బడి పలక అనుకున్నవా? అవి ఇంక రోడ్డు ఎక్కేవి కావు."

"ఊరికెనే అబ్బా. ఏది ఎవరో తెలిసి ఉంటే మంచిది కదా."

"ఎవరో అంట! చక్రాలు దీనికి చుట్టాలు నర్సు భాయ్."

"అబ్బా, ఇంకొక మాట. చాచా బండి డబ్బాల ఈ బుక్కు ఉన్నది. బండితోని ఇచ్చే బుక్కు. కొత్త సెన్సర్లు పెడితే బండికి వాటి పేర్లు నేర్పాలె అని రాసి ఉన్నది. స్టీరింగ్ కింద మీట నొక్కి పట్టుకొని, ఒక్కొక్క చక్రాన్ని పరిచయం చెయ్యాలె."

"పరిచయమా? పెండ్లిచూపులు పెడుతున్నమా ఇక్కడ? చాయ్, బిస్కెట్లు తెప్పియ్యాల్నా?"

"బుక్కుల రాసి ఉన్నది."

"బుక్కు రాసినోడు ఎప్పుడన్న నట్టు విప్పిండా? రంజాన్ నుంచి గీ సెన్సర్ల బండ్లు ఏడు చేసిన. ఏ బుక్కు చూడలే, ఏ మీట నొక్కలే. చక్రం బిగించి, గాలి పోసి, సోమాజిగూడ దాంక ఒక రౌండ్ కొట్టిన. నెంబర్లు వాటికవే వచ్చినయి. ఏడు బండ్లల్ల ఒక్కటి వాపస్ రాలే. అవునా కాదా నర్సు భాయ్? హనుమత్‌ప్రసాద్ నీ గిరాకీనే గద, నువ్వే పంపితివి. వాపస్ వచ్చిండా?"

"ఖళ్... ఖళ్... రాలే. వాపస్ అయితే రాలే."

"ఏంది గట్ల దగ్గుతున్నవ్?"

"ఏం లేదు భాయ్. రబ్బరు వాసన."

"విన్నవా బేటీ? ఒక్కటి వాపస్ రాలే."

"నెంబర్లు వాటికవే రావు అబ్బా."

"వస్తయి."

"రావు."

"షర్త్ కడతవా?"

"కడత. రాకుంటే?"

"రాకుంటే సోమవారం పొద్దుగాల ఈ షట్టర్ నువ్వే తియ్యి. గల్లా పక్కన కుర్చీ నీది. నేను నోరు తెరవ."

"వస్తే?"

"వస్తే కోటు వేసుకొని ఇంటర్వ్యూకు పోతవ్. నౌకరీ వస్తే చేస్తవ్. మళ్ల స్పానర్ ముట్టవ్."

"మళ్ల ఎన్నడు?"

"ఎన్నడు ముట్టవ్."

"అరె భాయ్, గంత పెద్ద షర్త్ ఎందుకు? నా కోటు మధ్యల నలుగుతది."

"నువ్వు ఊకో నర్సు భాయ్. చెప్పు బేటీ."

"...సరే అబ్బా."

"పక్కా?"

"సరే అన్న కదా. పోయి గాలి పైపు పట్టుకరా."

"పోత పోత. యా అల్లా... యా అల్లా... యా అల్లా... ఆఁ, లేచిన."

"...విన్నవా చాచా? నిరుడు మోకాళ్ల మీద నుంచి లేవనీకి రెండుసార్లే అల్లా పేరు తీసుకుంటుండె. ఇప్పుడు మూడైనయి."

"అందుకా బిడ్డా, ఇంటర్వ్యూకు పోనంటున్నవ్?"

"గదొక్కటే కాదు. అక్కడ కంప్యూటర్ల తప్పు దొరికితే రాసి ఇంకొకరికి పంపాలె చాచా. వాండ్లు సరిచేస్తరో లేదో మనకు తెలవది. కోర్సుల ఆరు నెలలు గదే చేసిన. తప్పు దొరికినాక నా చెయ్యి ఊకోదు. నేనే విప్పి సరిచెయ్యాలె అనిపిస్తది."

"మీ అబ్బాకు చెప్పినవా గీ మాట?"

"చెప్పిన. మంచిది, కంప్యూటరే విప్పు, అన్నడు."

"హహ్హ! గట్లనే అంటడు."

"చాచా, ఇందాక ఎందుకు దగ్గినవ్?"

"చెప్పిన గద బిడ్డా. రబ్బరు."

"నేను పుట్టిన్నాటి నుంచి ఈ దుకాణంల రబ్బరు వాసనే ఉన్నది. ఎన్నడు దగ్గలే నువ్వు."

"అదిగో, మీ అబ్బా వస్తుండు."

"ఏం మాట్లాడుతుండ్రు నేను లేనప్పుడు?"

"నీ కోపం గురించే భాయ్."

"జరగు. గాలి నేనే పోస్త. కొత్త టైర్లు, జర గట్టిగ ఉండాలె. బడి పిల్లా, రాసుకో: ముప్పై అయిదు. ముప్పై అయిదు. ముప్పై అయిదు. ముప్పై అయిదు. నాలుగు సమానం. ఇంక బండి కిందికి దించు, నట్లు బిగించు, పాత చక్రాలకు దుప్పట్లు కప్పు."

"అబ్బా, డిక్కీల రెండే పట్టినయి."

"మిగిలిన రెండు వెనక సీట్ల పెట్టు."

"మరి నేనెక్కడ కూసోవాలె?"

"చుట్టాలే గద, జర సర్దుకోమను. ఎక్కు. నర్సు భాయ్, పోనియ్యి. పంజాగుట్ట చౌరస్తా నుంచి సోమాజిగూడ దాంక, మళ్ల వాపస్."

"మెట్రో పనులు సురువైనకాడికెల్లి ఈ రోడ్డు మీద బండి తీయాలంటేనే దడ భాయ్. కొత్త చక్రాలు, గుంతల పడితే ఎట్ల?"

"మెల్లగ పో. బోర్డు చూడు, ఏం చూపిస్తుంది?"

"గీతలే ఉన్నయి. నాలుగు జాగలల్ల నాలుగు గీతలు."

"ఆగు. వస్తయి."

"గీతలే భాయ్."

"ఆగమన్న గద. ఆ పిల్లర్ దాటనియ్యి."

"మసూదా బిడ్డా, ఏం చప్పుడు లేదు వెనక? కూసున్నవా?"

"సగం కూసున్న చాచా. సగం చక్రం మీద ఉన్న."

"అగో! వచ్చింది! ఒకటి వచ్చింది భాయ్... రెండు... నాలుగు వచ్చినయి!"

"ఆఁ! చెప్పిన్నా లేదా? నెంబర్లు వచ్చినయా రాలేదా? మసూదా బేగం గారూ, సోమవారం డబ్బాల ఏం పెట్టియ్యాలె? ఆలూ కూరనా, గుడ్డు కూరనా?"

"కోటు ఇస్తిరి సుత చేసే ఉన్నది భాయ్. గని... పిల్ల మాట్లాడుతలేదు."

"మాట్లాడతది. షర్త్ ఓడినోళ్లకు జర టైము పడతది. బేటీ? ఏడుస్తున్నవా ఏంది?"

"లేదబ్బా. చూస్తున్న."

"ఏం చూస్తున్నవ్?"

"నెంబర్లు. ఇక్కడికి సరిగ కనబడుతలేవు. చాచా, జర గట్టిగ చదువు."

"ముందు ఎడమ ముప్పై ఒకటి. ముందు కుడి ముప్పై మూడు. వెనక కుడి ముప్పై మూడు. వెనక ఎడమ ఇరవై తొమ్మిది."

"అబ్బా, గాలి ఎంత పోసినవ్?"

"ముప్పై అయిదు. నువ్వే రాసుకున్నవ్ కదా."

"నాలుగిట్ల?"

"నాలుగిట్ల సమానం. నలభై ఏండ్ల చెయ్యి ఇది."

"మరి వెనక ఎడమ ఇరవై తొమ్మిది ఎందుకున్నది?"

"ఆ దిక్కు విజయరాణి వదిన..."

"వదిన బండిల లేదు భాయ్."

"లేదు లే. కొత్త సెన్సర్లు కదా, జర నిద్ర మత్తుల ఉంటయి. రెండు రోజులు తిరిగితే సమజైతది వాటికి."

"ఇందాక పాత చక్రాలు విప్పకముందు చాచా చదివిండు కదా. అప్పుడు సుత ఇవే నెంబర్లు. ముప్పై ఒకటి, ముప్పై మూడు, ముప్పై మూడు, ఇరవై తొమ్మిది."

"ఇత్తెఫాక్ బేటీ. ఒక్కోసారి కలుస్తయి."

"నాలుగు నెంబర్లు, నాలుగు జాగలల్లా?"

"నువ్వు షర్త్ ఓడిపోయినవ్. ఒప్పుకో, అయిపోతది."

"ఒప్పుకుంట. జర ఆగు. చాచా, సోమాజిగూడ సిగ్నల్ పడిందా?"

"పడింది బిడ్డా. మస్తు టైమున్నది, నూటిరవై చూపిస్తుంది."

"అబ్బా, నా పక్కన దుప్పటి కప్పుకొని కూసున్నది ఎవరో తెలుసా?"

"ఎవరు?"

"చాక్‌పీస్‌తోని పేరు రాసి ఉన్నది. వెనక ఎడమ."

"అయితే?"

"ఒక్క నిమిషం. నా ఓణీ పిన్ను తీస్తున్న. చాచా, నువ్వు బోర్డు మీద నుంచి కండ్లు తియ్యకు."

"సుయ్యిమని ఆ చప్పుడేంది? మసూదా! ఏం చేస్తున్నవ్ వెనక?"

"దీనికి గాలి తీస్తున్న అబ్బా. చాచా, చదువు."

"ఇరవై తొమ్మిది... ఇరవై ఎనిమిది... అరె. ఇరవై ఆరు... ఇరవై మూడు... భాయ్, పడిపోతున్నది... పందొమ్మిది! అయ్యో, లైటు వెలిగింది! పసుపు లైటు! దిగాల్నా? టైరు పోయిందా?"

"రోడ్డు మీదున్న టైరుకు ఏం కాలే చాచా. దాంట్ల ముప్పై అయిదు ఉన్నది. గాలి పోయింది నా పక్కన ఉన్నదానికి."

"మరి బండి...?"

"బండి ఇంకా పాత చక్రాల మాటే వింటున్నది. కొత్తవాటి పేర్లు దానికి ఎవరు చెప్పలే కదా. అది అడుగుతున్నది, ఇవి వెనక కూసోని జవాబు చెప్తున్నయి."

"హారన్లు కొడుతుండ్రు. గ్రీన్ పడ్డది. మొహియుద్దీన్ భాయ్, ఎటు పోవాలె? భాయ్?"

"అబ్బా?"

"పక్కకు ఆపు నర్సు భాయ్."

"ఆపిన."

"ఏడు బండ్లు."

"అబ్బా, నేను గెలిచిన అంటలే. జర నీళ్లు తాగు."

"ఏడు బండ్లల్ల పాత చక్రాలు నేనే పెట్టిన. నా చేతులతోని దుప్పట్ల చుట్టి. రౌండ్ కొడితే నెంబర్లు వచ్చినయి. రావా మరి? వెనక నేనే కూసోబెట్టిన వాటిని."

"ఇంటికాడ చక్రాలు దించినాక లైటు వెలిగి ఉంటది అబ్బా."

"వెలిగితే వచ్చి చెప్పాలె కదా! ఒక్కరు రాలే. ఏడుగురిల ఒక్కరన్న... నర్సు భాయ్, మళ్ల దగ్గుతున్నవ్. ఇక్కడ రబ్బరు వాసన లేదు."

"ఉన్నది భాయ్, వెనక సీట్ల..."

"నర్సూ."

"...హనుమత్‌ప్రసాద్ బండిల వెలుగుతుంది."

"ఎప్పటి నుంచి?"

"నాలుగు నెలలు. ఆయన భార్య సీతాబాయి దాని మీద బొట్టుబిళ్ల అంటుపెట్టింది."

"ఏం అంటుపెట్టింది?"

"బొట్టుబిళ్ల. పెద్దది, ఎర్రది. లైటు కనబడొద్దని."

"నాకు ఎందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్తడు భాయ్? నువ్వేమో ఆయన పాత చక్రాలు దుప్పట్ల చుట్టిస్తివి. నట్లు సుత పొట్లం కడితివి. పోయేటప్పుడు చాయ్ తాపితివి. గంత ఇమాన్ ఉన్న మనిషి ముఖం మీద, నీ పని తప్పు అని ఎట్ల అనాలె నర్సన్నా, అన్నడు. లిహాజ్ భాయ్, మొగమాటం."

"మిగిలినోళ్లు?"

"అందరి సంగతి నాకు తెలవది. ఇద్దరు ముగ్గురివి తెలుసు. గదే లిహాజ్."

"చలపతిరావు గారు?"

"ఆయనకు లైటే వెలగలే. పెద్ద బండి, పాత చక్రాలు నాలుగు ఇంకా డిక్కీలనే వేసుకొని తిరుగుతుండు. మొహియుద్దీన్ గారు ఎంత పద్ధతిగా సర్దారండీ, తీయబుద్ధి కావట్లేదు, అంటడు."

"అబ్బా, ఆయన బండికే ముందు పోవాలె. రోడ్డు మీదున్న టైరు గాలి పోయినా, డిక్కీల టైరేమో 'నేను మంచిగున్న' అనే చెప్తది. ఆయన నెలకు రెండుసార్లు విజయవాడ పోతడు, పిల్లలను తీసుకొని."

"తెలుసు బేటీ. చిన్నదానికి నేనే చాక్లెట్ ఇచ్చిన. ...నర్సూ, నీకు తెలిసి నాలుగు నెలలా?"

"మూడున్నర."

"లూజుంటే నిద్ర పట్టదన్నవ్!"

"పట్టలే భాయ్. ఒట్టు. అందుకే ఇయ్యాల బండి తెచ్చిన. నోటితోని చెప్పుడు నాకు రాలే. నా కండ్ల ముందర, నీ చేతి మీద జరిగితే నీకే కనబడతది అనుకున్న. నీకు కనబడలే. పిల్లకు కనబడ్డది."

"విజయరాణి వదిన, హవాయి చెప్పులు... గదంతా అబద్ధమా?"

"గది నిజమే అన్నది భాయ్. గది ఆమె పదేండ్ల నుంచి అంటనే ఉన్నది."

"అబ్బా, వాపస్ పోదాం. బుక్కు ఉన్నది, మీట ఉన్నది. పది నిమిషాల పని. నేర్పినాక చూద్దాం, ముప్పై అయిదు నాలుగుసార్లు రావాలె."

"పోదాం. నర్సు భాయ్, బండి తిప్పు. ...మసూదా, షర్త్ సంగతి ఏంది?"

"షర్త్ నువ్వే గెలిచినవ్ అబ్బా."

"నేనా?"

"నెంబర్లు వస్తయి అన్నవ్, వచ్చినయి. ఎవరి నెంబర్లు అని మనం అనుకోలే. మాట మాటే. సోమవారం కోటు వేసుకొని పోత."

"ఇటు చూడు. ఇటు తిరుగు బేటీ. నువ్వు సుత నాకు బొట్టుబిళ్ల పెడుతున్నవా?"

"...లేదబ్బా."

"పెడుతున్నవ్. ఊరందరు లిహాజ్ చేసుడు చాలదా? ఇంట్ల నుంచి సుత ఒకటా? అడుగుతున్న, సీదా చెప్పు. నా పనిల తప్పున్నదా?"

"ఉన్నది అబ్బా."

"ఎంత?"

"నీ బిగింపుల లేదు. వాషర్ల లేదు. బుక్కు చదవనంటవ్ చూడు, గంతే."

"ఆ ఇంగ్లీషు నాకు రాదు. రాదు అని చెప్పనీకి సిగ్గు. గంతే."

"నేను చదువుత. నువ్వు నొక్కు."

"నేను కాదు. నువ్వే చదువు, నువ్వే నొక్కు. నేను గాలి పోస్త, చాయ్ తెస్త. సోమవారం షట్టర్ తియ్యి. తాళంచెవి ఇంట్ల నీ అమ్మీ దగ్గర తీసుకో."

"అల్లా కసమ్?"

"నీ స్పానర్ కసమ్. మస్తు పట్టుకున్నవ్ లే ఇయ్యాల. మంచిగ చేసినవ్. అనేసిన, చూడు నర్సూ, నోరు అరగలే."

"సంబురమే భాయ్. గని నా కోటు గతేంది? మూడు రోజుల పని. కాలరు రెండుసార్లు విప్పిన."

"కోటు ఆమెదే. కుర్చీల కూసునే మనిషి జర మంచిగ కనబడొద్దా? నర్సూ, నీ జేబుల టేపు ఉన్నదా?"

"దర్జీ జేబుల టేపు లేకుంట ఎట్లుంటది? ఎందుకు?"

"దుకాణంకాడ దిగంగనే నా కొలతలు తీసుకో. సోమవారం నుంచి ఆ ఏడుగురి ఇండ్లల్ల ఇంటర్వ్యూ ఉన్నది నాకు."